పెద్దల సభకు పంపేది మాట్లాడేందుకు, మర్యాదలకు కాదు!

‘ఒక్కడు లేచి మాట్లాడితే ఏమైతది? ఓట్లు వాళ్లవి, లెక్కలు వాళ్లవి.’ రాజ్యసభ ముచ్చట వచ్చినప్పుడల్లా మన నాయకులు చెప్పే మాట ఇదే. వినీ వినీ మా చెవులకు తుప్పు పట్టింది. మేం సూటిగా చెప్తున్నాం. ఇది లెక్కల మాట కాదు. నోరు విప్పే ధైర్యం లేనోళ్లు కప్పుకున్న దుప్పటి.

రాజ్యసభ అంటే రాష్ట్రాల సభ. పేరులోనే ఉంది దాని పని. కానీ అన్ని పార్టీలూ కలిసి దాన్ని ఏం చేశాయి? ఎన్నికల్లో ఓడిపోయినోళ్లకు ఓదార్పు, పార్టీకి పెట్టుబడి పెట్టినోళ్లకు ప్రతిఫలం, వయసు మళ్లినోళ్లకు విశ్రాంతి గృహం. 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, ఒక రాష్ట్రం తరఫున పోయేవాడు ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన కూడా తీసేశారు. 2006లో సుప్రీంకోర్టు దానికి సరేనంది. అంటే మన తరఫున మాట్లాడేటోడు మన ఊరోడు కానక్కర్లేదు, మన నీళ్లు తాగినోడు కానక్కర్లేదు. ఇక మన గోస వాడికెట్ల తెలుస్తది?

ఎన్నికల్లో ఓడి పెద్దల సభకు పోయిన ఒక మనిషి ముచ్చట చెప్తాం. ఆయన మన ప్రాంతం వాడు కాదు, మన భాష వాడూ కాదు. కానీ ఒక ప్రాంతం తరఫున ఢిల్లీలో ఎట్ల మాట్లాడాలో తెలియాలంటే ఆయన దగ్గరికి పోవాల్సిందే. ఆయన సి.ఎన్. అన్నాదురై.

ఓడిపోయి వచ్చినోడు

1962 ఎన్నికల్లో డీఎంకేకు మద్రాసు శాసనసభలో 50 సీట్లొచ్చాయి. అంతకు ముందున్నవి 15. పార్టీ మూడింతలైంది గానీ, పార్టీని పెట్టిన అన్నాదురై మాత్రం సొంతూరు కాంచీపురంలో ఓడిపోయాడు. ఆ ఏడాదే రాజ్యసభకు వచ్చాడు. ఎదురుగా నెహ్రూ ప్రభుత్వం, కొండంత మెజారిటీ. ఈయన వెనుక ఆ సభలో లెక్కకు వచ్చే బలం లేదు. కొత్త సభ్యుడు. మన నాయకులైతే ఏం చేసేవారు? రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాదాలు చెప్పి, నాలుగు పొగడ్తలు అప్పజెప్పి కూర్చునేవారు.

ఆయన కూడా రాష్ట్రపతి ప్రసంగం మీదనే మొదటిసారి మాట్లాడాడు. కానీ లేస్తూనే తానెవరో చెప్పాడు. తాను ద్రావిడుణ్ననీ, అట్ల చెప్పుకోవడానికి గర్వపడుతున్నాననీ అన్నాడు. అంతమాత్రాన బెంగాలీకో, మరాఠీకో, గుజరాతీకో శత్రువును కాదన్నాడు. దేశానికి ఇవ్వడానికి మా దగ్గర వేరే విలువైనదేదో ఉంది, అందుకే స్వయం నిర్ణయాధికారం కావాలంటున్నామన్నాడు. పాకిస్తాన్ విభజన నాటి రక్తపాతం గుర్తు చేసి భయపెట్టేవాళ్లకూ జవాబు చెప్పాడు. దక్షిణాది ఒక భౌగోళిక భాగం, ఇక్కడ వలసలూ శరణార్థులూ ఉండవన్నాడు. వేర్పాటు అనే మాట వింటేనే మండిపడే సభలో, గొంతు పెంచకుండా, తిట్టకుండా, మంచి ఇంగ్లిషులో చెప్పాల్సింది మొత్తం చెప్పాడు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ఆయన అడిగిన ద్రావిడనాడు మాకు పంచాంగం కాదు. అందులో తెలుగు నేలను కూడా కలిపి గీత గీశారు. మనల్ని ఎవరూ అడగలేదు. తెలుగు జనం దాని వెంట పోలేదు కూడా. అడగకుండా కలపడం ఎంత ముప్పో 1956 తర్వాత మనకంటే ఎక్కువ తెలిసినోళ్లు లేరు. అందుకే ఆయన డిమాండ్‌కు మేం వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆయన సభలో నిలబడిన తీరు గురించే మాట్లాడుతున్నాం.

నోరు కట్టే చట్టం వచ్చినప్పుడు

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చింది. డీఎంకే తన వేర్పాటు ప్రచారం ఆపి దేశ రక్షణకు నిలబడింది. అయినా 1963 జనవరిలో పదహారో రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చింది. ఎన్నికల్లో నిలబడాలంటే దేశ సమగ్రతను కాపాడతానని ముందే ప్రమాణం చేయాలి. దేశ సమగ్రత పేరుతో వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు పెట్టే అధికారం ప్రభుత్వానికి వస్తుంది. ఈ బాణం ఎవరి మీదికో అందరికీ తెలుసు.

అన్నాదురై ఏం వాదించాడు? సార్వభౌమత్వం ఎక్కడుందని అడిగాడు. రాజ్యాంగ పీఠిక ప్రకారం అది ప్రజల దగ్గర ఉందన్నాడు. చట్టపరమైన అధికారం కేంద్రానికీ రాష్ట్రాలకూ పంచి ఉందన్నాడు. ఎదుటోడి మాట తప్పయితే ఒప్పించాలి గాని నోరు కట్టేస్తారా అన్నది ఆయన వాదం సారం. బిల్లు ఆగలేదు. ఆ ఏడాదే అమల్లోకి వచ్చింది. డీఎంకే తన ప్రధాన డిమాండ్‌నే వదులుకోవాల్సి వచ్చింది.

‘చూశారా, ఓడిపోయాడు కదా’ అంటారా? ఆగండి. కథ ఇంకా ఉంది.

పేరు మారితే ఏమొస్తది?

మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని 1956లో శంకరలింగనార్ నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిచాడు. పాలకులు కదలలేదు. 1963లో పశ్చిమ బెంగాల్ కమ్యూనిస్టు భూపేశ్ గుప్తా రాజ్యసభలో పేరు మార్పు బిల్లు పెట్టాడు. అన్నాదురై దానికి మద్దతుగా లేచాడు.

ఆ పేరు పాత గ్రంథాల్లో ఎక్కడుందన్న ప్రశ్న వచ్చింది. పరిపాడల్, పదిట్రుప్పత్తు, శిలప్పదికారం, మణిమేఖలై అని వరుసగా చెప్పాడు. మద్రాసు రాజధాని పేరు, రాష్ట్రం పేరు కాదన్నాడు. కేరళకు తిరువనంతపురం, పంజాబ్‌కు చండీగఢ్, ఆంధ్రకు హైదరాబాద్ ఎట్లనో, తమిళనాడుకు మద్రాసు అట్లనే అన్నాడు. ‘పేరు మార్చుకుంటే మీకు ఒరిగేదేంటి’ అని సభలో అడిగితే, ఎదురు ప్రశ్న వేశాడు. పార్లమెంటును లోక్‌సభ అన్నారు, రాష్ట్రాల సభను రాజ్యసభ అన్నారు, ప్రెసిడెంటును రాష్ట్రపతి అన్నారు, మీకు ఒరిగిందేంటి? అడిగినోళ్ల దగ్గర ఆ ప్రశ్నకు సమాధానం లేదు.

ఓటింగులో ఆ బిల్లు వీగిపోయింది. సరిగ్గా అయిదేండ్లకు, 1968 జులైలో, అదే అన్నాదురై ముఖ్యమంత్రిగా శాసనసభలో తీర్మానం పెట్టి నెగ్గించాడు. 1969 జనవరి 14న మద్రాసు రాష్ట్రం తమిళనాడైంది. మూడు వారాలు తిరక్కుండానే ఆయన కన్నుమూశాడు. రాజ్యసభలో వీగిపోయిన వాదనే ఆ రాష్ట్రానికి పేరై నిలిచింది.

పేరులో ఏముందని తెలంగాణ వాళ్లకు చెప్పే సాహసం ఎవరూ చేయొద్దు. ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో ‘తెలంగాణ’ అనొద్దు, ‘వెనుకబడిన ప్రాంతం’ అనమన్న ముచ్చటను ఉద్యమం మరిచిపోలేదు. మన పేరు మన సభలోనే నిషేధమైతే ఆ బాధ ఎట్లుంటదో మనకు ఎరుక.

‘వచ్చు’కూ ‘వలె’కూ ఉన్న తేడా

అన్నిటికంటే పెద్ద పాఠం భాషా బిల్లుది. 1965 జనవరి 26 తర్వాత హిందీతో పాటు ఇంగ్లిషు ‘కొనసాగవచ్చు’ అని 1963 అధికార భాషల బిల్లులో రాశారు. ‘కొనసాగవలె’ అని రాయలేదు. రెండూ ఒకటేనని నెహ్రూ భరోసా ఇచ్చాడు. అన్నాదురై ఒప్పుకోలేదు. నెహ్రూ మాట మీద గౌరవం ఉండొచ్చు, రేపు వచ్చే ప్రభుత్వం చూసేది చట్టంలోని అక్షరాన్నే కదా! ఓట్లలో మళ్లీ ఓడిపోయాడు. సభలో ఓడిన మాటను వీధిలోకి తీసుకుపోయాడు, జైలుకు పోయాడు. 1965లో తమిళ విద్యార్థులు భగ్గుమన్నారు. తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. చివరికి 1967లో ఢిల్లీ చట్టాన్ని సవరించింది. హిందీని అధికార భాషగా తీసుకోని రాష్ట్రాల శాసనసభలన్నీ తీర్మానం చేస్తే తప్ప ఇంగ్లిషును తీసేయడానికి వీల్లేదని రాసింది. నాలుగేండ్ల కింద ఒక్క మాట మార్చడానికి ఒప్పుకోనోళ్లు ఇంత రాయాల్సి వచ్చింది!

ఇప్పుడు మన చట్టం తీయండి. రాష్ట్ర పునర్విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో గట్టెక్కింది. ఆనాడు మనకు కండ్లనీళ్లొచ్చాయి. నిజమే. కానీ ఆ చట్టం పదమూడో షెడ్యూలు చదవండి. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం ‘కట్టాలి’ అని లేదు. ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు ‘పరిశీలించాలి’ అని ఉంది. రైల్వే కోచ్ ఫ్యాక్టరీదీ అదే ‘పరిశీలన’. పరిశీలించినం, గిట్టుబాటు కాదంటే కథ ముగిసినట్టే. బయ్యారం ఉక్కు బయ్యారం రాళ్లలోనే ఉంది. కాజీపేటకు దశాబ్దాలుగా కోచ్ ఫ్యాక్టరీ అడిగితే 2023 జులైలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. గిరిజన విశ్వవిద్యాలయం బిల్లుకు 2023 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

పక్క రాష్ట్రం అనుభవమూ చూడండి. 2014 ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలోనే లేచి ఆంధ్రప్రదేశ్‌కు అయిదేండ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నాడు. అయిదు చాలదు, పది కావాలని బేరాలు కూడా నడిచాయి. అక్షరం మాత్రం చట్టంలోకి ఎక్కలేదు. హోదా రాలేదు. ప్రధాని నోటి మాటకూ చట్టంలోని మాటకూ ఎంత దూరమో 1963లో అన్నాదురై చెప్పింది తెలుగువాళ్లకు 2014 తర్వాత తెలిసొచ్చింది.

ఏడుగురితో ఏమైతది?

తెలంగాణకు రాజ్యసభలో ఏడు సీట్లు, లోక్‌సభలో 17. సంఖ్యలతో కొట్లాడితే మనం ఎన్నటికీ గెలవం. జనాభా లెక్కన నియోజకవర్గాల పునర్విభజన జరిగితే దక్షిణాది వాటా ఇంకా పలచబడుతుందనే భయంతోనే కదా, 2025 మార్చిలో చెన్నైలో పెట్టిన సమావేశానికి మన దగ్గర అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ పోయాయి! సంఖ్యే న్యాయమైతే జాతీయ పక్షి నెమలి కాదు, కాకి కావాలె. ఈ మాట కూడా అన్నాదురైదేనని దక్షిణాదిన ఇప్పటికీ చెప్పుకుంటారు.

సంఖ్య లేనోడికి వాదనే బలం. సభ రికార్డుకెక్కిన మాటను ఎవరూ చెరపలేరు. అది రేపటి ఉద్యమానికి సాక్ష్యం, ఎల్లుండి చట్టానికి ముసాయిదా. అయితే ఆ మాట చదువుకొని వచ్చినోడి మాట కావాలి. ఎదుటోడు వేసే ప్రశ్నను ముందే ఎరిగినోడి మాట కావాలి. ప్లకార్డు పట్టుకొని వెల్‌లోకి ఉరికి, టీవీలో కనబడి, సాయంత్రానికి మరిచిపోయే మాట కాదు. ఓడిపోయినా మళ్లీ లేచే మాట కావాలి.

అందుకే అన్ని పార్టీలనూ అడుగుతున్నాం. రాజ్యసభకు మీరు పంపుతున్న మనిషి ఎవరు? బయ్యారం ఎక్కడుందో తెలుసా? పదమూడో షెడ్యూలు చదివిండా? కృష్ణా నీళ్లలో మన వాటా గురించి కాగితం చూడకుండా పది నిమిషాలు మాట్లాడగలడా? పోయినోళ్లనూ అడుగుతున్నాం. ఆరేండ్లలో మీరు ఏ బిల్లు మీద ఏం మాట్లాడారు, ఏ ‘పరిశీలన’ను ‘నిర్మాణం’గా మార్చమని సవరణ పెట్టారు? ఆ లెక్క జనం ముందు పెట్టండి. సభ రికార్డులు ఎట్లాగూ అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. మీరు చెప్పకుంటే మేమే చదివి చెప్తాం.

ఈ రాష్ట్రం కోసం పిల్లలు ప్రాణాలిచ్చారు. వాళ్ల త్యాగంతో వచ్చిన ఏడు కుర్చీలవి. ఎవరి అబ్బ సొత్తూ కాదు. మాట్లాడేటోళ్లే వాటిలో కూర్చోవాలి. మాట్లాడనోళ్లు లేచి దారియ్యాలి.