వాన మీద నింద, వైరు మీద నిర్లక్ష్యం

నాలుగు చినుకులు పడితే చాలు, టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. కాసేపటికి సిగ్నల్ లేదని తెర మీద అక్షరాలు వస్తాయి. ఇంట్లో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు, "వాన కదా, అంతే." ఈ "అంతే" అనే మాటతోనే నాకు పేచీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మన గోడ మీద వేలాడే వైరుని వదిలేసి ఆకాశాన్ని తిట్టుకోవడం మనకి అలవాటైపోయింది. డిష్ బిగించడం, వైరు లాగడం కూడా గుమ్మాలు పెట్టించుకోవడంలాగా, కుళాయిలు వేయించుకోవడంలాగా ఇంటి పనే. దాని మీద ఇంట్లో ఉండే మనిషికి ఓ మాట ఉండాలని నా అభిప్రాయం.

టీవీ గురించి ఇంత రాద్ధాంతమా అనకండి. మా అత్తయ్యగారికి మోకాళ్లు సహకరించడం మానేసి నాలుగేళ్లయింది. గుడికి వెళ్లలేరు, పక్కింటి అరుగు దాకా కూడా నడవలేరు. పొద్దున్న సుప్రభాతం, మధ్యాహ్నం సీరియలు, సాయంత్రం ప్రవచనం, ఇవే ఆవిడకి రోజులో గడియారం ముళ్లు. వానాకాలంలో అసలే గది దాటలేని మనిషికి, ఆ కాస్త సందడి కూడా ఆగిపోతే మిగిలేది కిటికీ, ఆ అవతల ముసురు. ఫోన్లో చూసుకోవచ్చుగా అనేవాళ్లకి ఒక్కటే చెబుతాను, చత్వారం వచ్చిన కళ్లకి అరచేతిలో టీవీ టీవీ కాదండీ.

అసలు సంగతి కొంచెం చూద్దాం. భూమధ్యరేఖకి పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం ఉంటుంది. భూమితో పాటే సమంగా తిరుగుతుంది కాబట్టి మన కంటికి ధ్రువనక్షత్రంలాగా ఒక్కచోటే నిలబడినట్టు లెక్క. అందుకే డిష్‌ని ఒకసారి సరిగ్గా తిప్పి బిగిస్తే చాలు. మన తెలుగునేల మీద నుంచి చూస్తే ఎక్కువ డిష్‌ల చూపు దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్యలో ఉంటుంది. వాస్తు ప్రకారం ఆగ్నేయం వంటింటికి ఇచ్చేశాం కాబట్టి డిష్ ఈశాన్యంలో పెట్టమంటే, పెట్టొచ్చు. కానీ అది చూడాల్సిన వైపే చూడాలి, ఆ చూపుకి ఏదీ అడ్డు రాకూడదు.

ఈ అడ్డు దగ్గరే చాలామంది పొరపడతారు. శిశిరంలో ఆకు రాలిన వేపచెట్టు సందులోంచి సిగ్నల్ బ్రహ్మాండంగా వస్తుంది. చైత్రంలో చిగురేసి, జ్యేష్ఠానికి గుబురెక్కితే ఆ తడి ఆకులే సిగ్నల్ని తాగేస్తాయి. ఎదురింటివాళ్లు ఇంకో అంతస్తు లేపినా అంతే. డిష్ పెట్టించేటప్పుడు ఈ రోజు ఆకాశం కాదు, రెండేళ్ల తరవాతి చెట్టు కనపడాలి మనకి.

ఇక వైరు. డిష్ ముందు చెయ్యి చాపినట్టు ఉండే కడ్డీ చివర చిన్న పరికరం ఉంటుంది, దాన్ని ఎల్‌ఎన్‌బి అంటారు. పైనుంచి వచ్చిన తరంగాలని వైరులో ప్రయాణించగలిగే స్థాయికి దించి కిందికి పంపడం దాని పని. అది పనిచేయడానికి కావలసిన కరెంటు మన సెట్‌టాప్ బాక్సు నుంచి అదే వైరులో పైకి వెళ్తుంది. అంటే ఒకే దారిలో రాకా, పోకా. అలాంటి దారిని మనవాళ్లు ఎలా వేస్తున్నారు? పాత కేబుల్ వైరు ఉందిగా అని దానికే అతుకు పెడతారు. రెండు కొసలు మెలిపెట్టి నల్ల టేపు చుడతారు. కిటికీ రెక్క సందులోంచి లాక్కొస్తారు, తలుపు వేసిన ప్రతిసారీ అది నలుగుతుంది.

ఆర్‌జి-6 అనే వైరు కోసి చూడండి. మధ్యలో తీగ, దాని చుట్టూ తెల్లటి నురుగులాంటి పొర, దాని మీద వెండిరంగు రేకు, అల్లిక జల్లెడ, పైన నల్లటి తొడుగు. ఆ తెల్ల పొర నలిగితే సిగ్నల్ దెబ్బ తింటుంది కాబట్టి గోడ మూలల్లో వైరుని మడత పెట్టకూడదు, గుండ్రంగా తిప్పాలి. కొస దగ్గర కనెక్టరు వదులుగా ఉంటే నీళ్లు లోపలికి దిగి, అల్లిక వెంబడి పాకుతాయి, రాగి కిలం పడుతుంది. వైరు గోడలోకి దూరేచోట కన్నం కంటే కిందికి ఉయ్యాలలా కాస్త వేలాడదీసి, తరవాత పైకి తెచ్చి లోపలికి పంపాలి. అప్పుడు వాననీరు ఆ ఉయ్యాల అడుగు నుంచి బొట్లుబొట్లుగా రాలిపోతుంది, ఇంట్లోకి రాదు. దీనికి పైసా ఖర్చు లేదు, చెయ్యాలన్న బుద్ధి ఉంటే చాలు.

రెండో టీవీ కథ ఇంకొకటి. కేబుల్ రోజుల్లో వైరుని రెండుగా చీల్చే చిన్న డబ్బా పెడితే రెండు గదుల్లోనూ బొమ్మ వచ్చేది. డిష్‌కి అలా కుదరదు. చానల్ని బట్టి బాక్సు పైకి 13 వోల్టులో, 18 వోల్టులో పంపి, ఏ రకం తరంగాలు కావాలో ఎల్‌ఎన్‌బికి చెబుతుంది. రెండు బాక్సులు ఒకే వైరు మీద పెడితే, ఒకే వంటమనిషికి అత్తగారు ఉప్పు వెయ్యమనీ, కోడలు వద్దనీ చెప్పినట్టే. అందుకే రెండు దారులున్న ఎల్‌ఎన్‌బి పెట్టించుకుని, ఏ బాక్సుకి ఆ వైరు విడిగా లాగించుకోవాలి.

మరి వాన తప్పు అసలు లేదా అంటే, ఉంది. ఈ తరంగాలని వాననీరు పీల్చుకుంటుంది. కుండపోతగా కురుస్తుంటే ఎంత బాగా బిగించినా కాసేపు పోవచ్చు. కానీ దానికో లెక్క ఉంది. జోరు తగ్గగానే బొమ్మ తిరిగొస్తే అది ఆకాశం పని. సన్న తుంపరకే పోయినా, వాన వెలిసిన గంటల తరవాత కూడా రాకపోయినా అది మన మేడ మీద పని, డిష్ కదిలిందో, కనెక్టరు తడిసిందో. మార్చిలో, అక్టోబరులో కొన్నాళ్లపాటు పట్టపగలు ఎండలో కూడా కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతుంటుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకాలకి వస్తాడు. దానికి ఎవర్నీ తిట్టక్కర్లేదు, కాఫీ పెట్టుకునేలోపు వచ్చేస్తుంది.

అయితే నా అసలు బాధ ఇది. డిష్ పెట్టే మనిషి వచ్చేది పగటిపూట. తలుపు తీసేది మనం, మేడ తాళంచెవి ఇచ్చేది మనం, మంచినీళ్లిచ్చేది మనం. డిష్ ఎక్కడ పెట్టాలో, వైరు ఎటునుంచి రావాలో మాత్రం ఆఫీసులో ఉన్న మగవారు ఫోన్లో చెబుతారు. మా ఇంట్లోనూ అంతే జరిగేది. బట్టల దండెం ఏ వైపు, ఏ గోడకి చెమ్మ, కోతులు ఏ పిట్టగోడ మీద కూర్చుంటాయి, ఇవన్నీ రోజూ మేడెక్కే ఆడవాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఇప్పుడు మావారు, "అమ్మగారినే అడగవయ్యా" అని ఫోను పెట్టేస్తున్నారు. అది మర్యాద కోసం కాదు, పని బాగా కుదురుతోంది కాబట్టి.

అలా అడిగే హక్కు తీసుకున్నాక బాధ్యత కూడా తీసుకోవాలి. ఆ కుర్రాడు రోజుకి ఎన్ని ఇళ్లు తిరిగితే అంత కూలి. అందుకే వాడికి తొందర. "బాబూ, ఇంకో పది నిమిషాలు ఆగి కనెక్టరు గట్టిగా బిగించు" అని నిలబడి అడగాలి. మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అని రెండు అంకెలు కనిపిస్తాయి. వాటిని కాగితం మీద రాసి టీవీ అలమర తలుపు లోపల అతికించాలి. రేపు తేడా వస్తే మాటల బదులు ఆ కాగితమే చూపించొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, సన్‌షేడు మీదికి దిగమని, పిట్టగోడ మీద నిలబడమని ఎవరినీ అడగకండి. మా వీధిలో చెప్పుల కాళ్లతో తడి సన్‌షేడు మీద నడుస్తున్న పిల్లాణ్ణి చూసి నా గుండె ఆగినంత పనైంది. ఏ సీరియలూ ఒక తల్లి కడుపుకోతంత ఖరీదు చెయ్యదు. మేడ మీద చదునుగా, చేతికందేచోట పెట్టించుకుంటే వాడికీ క్షేమం, రేపు డిష్ తుడుచుకోవడానికి మనకీ సుళువు. ఉరుములు మెరుపులు మొదలవక ముందే మాత్రం ప్లగ్గుతో పాటు బాక్సు వెనక వైరు కూడా తీసేయండి, మొదలయ్యాక వాటిని ముట్టుకోకండి.

చివరగా, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి ఒక మాట. పూజగది తలుపుకి గంటలు చెక్కించుకోవడానికి నెలల తరబడి ఆలోచిస్తాం. మేడ మీంచి హాల్లోకి, పెద్దవాళ్ల గదిలోకి అంగుళం గొట్టం ఒకటి గోడలో వేయించడం మర్చిపోతాం. కరెంటు తీగలతో కలపకుండా విడిగా ఆ గొట్టం వేయించండి, వైరు ఎండకీ వానకీ పాడవదు, కొత్త గోడకి కన్నాలు పడవు. తాపీ మేస్త్రీతో ఆ మాట చెప్పాల్సింది కూడా, రేపు ఆ ఇంట్లో పగలంతా గడిపే మనిషే.