ఖాళీ గడి సున్నా కాదు



కంప్యూటరు నేర్పించాలంటే తెలుగు మాన్పించక తప్పదని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తల్లిదండ్రులు కొందరు భావిస్తున్నారు. వారికొక సంగతి విన్నవించాలి.

ఆప్‌లు తయారుచేయడం నేర్చుకొంటున్న ఒక విద్యార్థి తాను కోట్లిన్ భాషలో వ్రాసిన ఫంక్షన్‌ను తెచ్చి చూపాడు. ఐదు విషయాల మార్కులు, తెలుగు మార్కు అందిస్తే అది సగటు చెబుతుంది. అలా అందించే విలువలను స్వీకరించే పేర్లే పారామీటర్లు. గణితంలో పరామితులు అంటాము. తెలుగు చదవని మిత్రుడికి ఐదింటిలోను 80 వచ్చాయి. సగటు మాత్రం 67కు లోపే పడింది! తెలుగు గడి ఖాళీగా ఉండడంతో మనవాడు అక్కడ సున్నా వేసి, ఆరుతో భాగించాడు.

తమిళనాడులో ఇది చిన్న పొరపాటు కాదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని మొదటి భాగంగా తప్పనిసరి చేసి, మన మాతృభాషను నాల్గవ భాగంలో ఐచ్ఛికంగా ఉంచింది. తెలుగు తీసుకోనివాడు వేరు, తీసుకొని సున్నా తెచ్చుకొన్నవాడు వేరు. ఆ రెండవవాడి బాధ్యత నాది కూడాను.

కోట్లిన్, స్విఫ్ట్ భాషలలో విలువ రకం పక్కన ప్రశ్నార్థకం పెడితే, అక్కడ విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని అర్థం. ఉన్నదో లేదో చూసుకోకుండా కూడబోతే కంపైలరే అడ్డుపడుతుంది. ఈ శూన్య సూచికను 1965లో ప్రవేశపెట్టిన టోనీ హోర్, అది తాను చేసిన పెద్ద పొరపాటని 2009లో బహిరంగంగా ఒప్పుకొన్నారు. అయితే ప్రశ్నార్థకం పెట్టినంతమాత్రాన ఆ పారామీటరును పిలుపులో వదిలివేయడానికి వీలులేదు. అందుకు ముందుగానే ఒక విలువను నిర్ణయించి ఉంచాలి. పిల్లలు తికమకపడేది ఇక్కడే.

‘ఆప్షనల్’ అన్న మాటను వారు బట్టీపట్టారు. నేను వ్యాకరణ పాఠం గుర్తుచేశాను. ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం. ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అనీ అనవచ్చు. పోలిక పూర్తిగా అతకదు. సంధిలో రెండు రూపాలూ సాధువులే, ఇక్కడ లేని విలువ లేనిదే. అయినా ‘వైకల్పికం’ అనగానే ఆ బాలుడికి విషయం పట్టుబడింది. ఆ మాట తెలుగు తరగతిలో నేర్చినదే కదా!

ఇప్పుడు గడి ఖాళీ అయితే ఐదుతో, మార్కు ఉంటే ఆరుతో భాగిస్తున్నాడు. సున్నా వచ్చినా ఆరుతోనే భాగించాలని, నేను అడగకముందే చెప్పాడు.