పుట్టుకను చూసి శిక్ష వేయొద్దు!

రోమా ముద్దాయిలకు యూరప్ కోర్టుల్లో సమాన న్యాయం కావాలి



బల్గేరియాలో, జిప్సీలని పిలిచే రోమా జాతికి చెందిన ఒక మహిళపై మోసం కేసు రుజువై మూడేళ్ల జైలుశిక్ష పడింది. ఆమె ఆరోగ్యం బాగాలేదు. శిక్ష అమలును నిలిపివేయవచ్చని ప్రభుత్వం తరఫున వాదించిన ప్రాసిక్యూటరే సూచించారు. కోర్టు ఒప్పుకోలేదు. నేరం చేసినా ఏమీ కాదన్న ధీమా సమాజంలో ఉందని, ముఖ్యంగా మైనారిటీ వర్గాలవాళ్లు సస్పెండ్ చేసిన శిక్షను శిక్షగానే లెక్కచేయరని తీర్పులో రాసింది. పైకోర్టులు ఆ మాటను సరిదిద్దకుండానే శిక్షను ఖాయం చేశాయి. చివరికి 2010 మార్చి 25న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇది జాతి వివక్షేనని తేల్చింది.

ఆమె నేరం చేయలేదని మేం అనడం లేదు. చేసిన నేరానికి చట్టం ప్రకారం శిక్ష పడాల్సిందే. కానీ జాతి మొత్తం మీద ఉన్న అనుమానాన్ని తెచ్చి ఒక మనిషి శిక్షకు కలపడానికి ఏ జడ్జికీ అధికారం లేదు.

ఆ కోర్టు తన మనసులోని మాట కాగితం మీద పెట్టింది కాబట్టి దొరికిపోయింది. పెట్టని కోర్టుల సంగతేమిటి? బెయిల్ ఇవ్వాలా, శిక్ష అమలును ఆపాలా, జైలు బదులు ప్రొబేషన్ సరిపోతుందా అన్నవి జడ్జి విచక్షణకు వదిలిన విషయాలు. వీటిని తేల్చేటప్పుడు కోర్టులు అడిగే ప్రశ్నలు పైకి నిష్పక్షపాతంగానే ఉంటాయి. స్థిర నివాసం ఉందా? ఉద్యోగం ఉందా? చదువెంత? పేదల వాడలో, ఏ రికార్డుకూ ఎక్కని ఇంట్లో ఉండే రోమా యువకుడు వీటిలో దేనికీ సరైన జవాబు చెప్పలేడు. ఆ లోటు అతను తెచ్చిపెట్టుకున్నది కాదు. చెక్ రిపబ్లిక్‌లో రోమా పిల్లలను మానసిక వైకల్యం ఉన్నవారికోసం పెట్టిన ప్రత్యేక బడుల్లోకి నెట్టడం వివక్షేనని 2007లో ఇదే స్ట్రాస్‌బర్గ్ కోర్టు తీర్పు ఇచ్చింది. చదువు అందకుండా చేసింది రాజ్యం. చదువు లేదు, కొలువు లేదు కాబట్టి జైలుకు పొమ్మంటున్నదీ ఆ రాజ్యమే. ఒక అన్యాయానికి రెండుసార్లు మూల్యం కట్టేది మాత్రం రోమాలు.

లెక్కలు చూడండి. స్పెయిన్‌లో 1990ల చివర జరిగిన బరాన్యీ అనే పరిశోధన ప్రకారం మహిళా ఖైదీల్లో దాదాపు నాలుగో వంతు రోమాలే. దేశ జనాభాలో వాళ్ల వాటా నూటికి రెండు కూడా లేదు. బ్రిటన్‌లో ఎంపీ డేవిడ్ లామీ 2017లో ఇచ్చిన నివేదిక, అనధికార అంచనాలను ఉటంకిస్తూ, అక్కడి సెక్యూర్ ట్రైనింగ్ సెంటర్లలో నిర్బంధించిన పిల్లల్లో 12 శాతం జిప్సీ, రోమా, ట్రావెలర్ కుటుంబాలవాళ్లని చెప్పింది.

"వాళ్లే ఎక్కువ నేరాలు చేస్తారేమో" అని కొందరంటారు. అయితే తేల్చుకుందాం. ఒకే నేరం, ఒకే పాత చరిత్ర ఉన్న ఇద్దరు ముద్దాయిలకు పడిన శిక్షలను పక్కపక్కన పెట్టి చూడాలి. తేడాకు కారణం చెప్పగలిగితే చెప్పండి, చెప్పలేకపోతే పద్ధతి మార్చండి అన్నదే లామీ పెట్టిన సూత్రం. యూరప్‌లో చాలా ప్రభుత్వాలు ఆ పోలిక జరగడానికి కావలసిన లెక్కలే సేకరించడం లేదు.

లెక్కలంటే రోమాలకు భయం ఉంది, అది న్యాయమైన భయం. నాజీలు వాళ్లను పట్టి క్యాంపులకు పంపింది పోలీసుల దగ్గరున్న జాబితాలతోనే. స్వీడన్‌లో స్కోనె పోలీసులు పసిపిల్లలతో సహా వేలమంది రోమాల పేర్లతో రహస్య జాబితా నడిపారని 2013లో బయటపడింది. అందుకే ఈ లెక్కలు పోలీసుల చేతికి పోకూడదు. పేర్లు లేకుండా, ఇష్టమైనవాళ్లు చెప్పిన వివరాలతో, స్వతంత్ర సంస్థ సేకరించాలి.

రోమా బాధితుడైనప్పుడు కోర్టు తీరు ఎలా ఉందో కూడా చూడండి. 2012లో స్లొవేకియాలోని హుర్బనోవోలో డ్యూటీలో లేని ఒక పోలీసు రోమా కుటుంబంపై కాల్పులు జరిపి ముగ్గురిని చంపాడు, ఇద్దరిని గాయపరిచాడు. అతనికి పడింది తొమ్మిదేళ్లు. జాతి ద్వేషం కోణాన్ని అధికారులు సరిగా పరిశీలించనే లేదని 2018లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు తప్పుపట్టింది.

రోమాల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి వెళ్లినవాళ్లు. అయితే ఈ విషయం మనకు పట్టడానికి ఆ బంధుత్వం కన్నా దగ్గరి కారణం ఇంకొకటి ఉంది. పుట్టుకతోనే దొంగ అన్న ముద్రను 1871 నేరస్థ జాతుల చట్టం మన దేశంలోనే వేసింది. స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో యెరుకల కుటుంబాలు నేరస్థ జాతుల చట్టాల కింద బతికాయి. 1952లో చట్టం పోయినా, రాష్ట్రాల హేబిచువల్ అఫెండర్స్ (అలవాటు నేరస్థుల) చట్టాల రూపంలో ముద్ర మిగిలింది. ఆ చట్టం నుంచి బయటపడిన విముక్త జాతులవారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయరాదని 2024 అక్టోబర్ 3న మన సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది.

మా డిమాండ్లు:

1. శిక్ష అమలు నిలిపివేతకు, ప్రొబేషన్‌కు అర్హత ఉన్న ముద్దాయికి కోర్టు దాన్ని నిరాకరిస్తే, ఆ వ్యక్తికి సంబంధించిన కారణాలు మాత్రమే చూపుతూ రాతపూర్వకంగా చెప్పాలి.

2. తీర్పులో జాతి ప్రస్తావనతో శిక్ష పెరిగితే, పైకోర్టు ఆ శిక్షను రద్దుచేసి వేరే జడ్జితో తిరిగి నిర్ణయం చేయించాలి.

3. స్థిర చిరునామా, ఉద్యోగం లేకపోవడాన్ని మాత్రమే చూపి జైలుకు పంపకూడదు.

4. శిక్షల తీరుపై స్వతంత్ర సంస్థ ఏటా పేర్లు లేని లెక్కలు ప్రచురించాలి.

5. రోమా లాయర్లకు, జడ్జీలకు న్యాయవ్యవస్థలో చోటు పెరగాలి.

6. మన రాష్ట్రాలు హేబిచువల్ అఫెండర్స్ చట్టాలకు, విముక్త జాతులపై ఉన్న అనుమానితుల జాబితాలకు పూర్తిగా స్వస్తి చెప్పాలి.

యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి మా విజ్ఞప్తి: ఆఫీసులో, అద్దె ఇంట్లో, రైల్లో రోమాలంతా దొంగలంటూ వినపడే మాటలకు తలూపకండి. ఓటున్నవాళ్లు మీ ప్రతినిధిని ఈ డిమాండ్లపై నిలదీయండి. ఇక్కడి న్యాయవాదులారా, న్యాయశాస్త్ర విద్యార్థులారా, మీ జిల్లా కోర్టులో విముక్త జాతుల ముద్దాయిలకు బెయిల్, ప్రొబేషన్ ఎలా దక్కుతున్నాయో కేసులవారీగా పరిశీలించి బయటపెట్టండి.

బోనులో నిలబడిన మనిషి చేసిన పనికే జవాబు చెప్పాలి. అంతకు మించి అడిగే హక్కు ఏ కోర్టుకూ లేదు. ఈ మాట చదవండి, చదివించండి, గట్టిగా అడగండి.