ఇంటి ఆడోళ్లకు మిగిల్చాకే అమ్ముదాం

మా కోరుట్ల దిక్కు నువ్వులు పండితే మొత్తం అమ్మేస్తున్నం. నెలసరికి ముందు ఆడోళ్లకు వచ్చే నొప్పులు, చిరాకు, నీరసం ‘మామూలే’ అంటున్నం. నేనైతే ఒప్పుకోను.

1998లో అమెరికాలో అచ్చయిన పరిశోధనలో రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకున్నవారికి మూడో నెలసరి నాటికి ఈ బాధలు 48 శాతం తగ్గినయి. మందు లేని ఉత్త బిళ్లలు వేసుకున్నవారికి 30 శాతమే. అక్కడ ఇచ్చింది మాత్రలే, నిజమే. కానీ 100 గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలకంటే దాదాపు మూడింతలు. పొట్టు తీయని నువ్వుల్లో ఇంకా ఎక్కువ.

తైద అంబలి, నువ్వుల లడ్డు మందు కాదు, తిండి. బాధ బాగా ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. కానీ నువ్వుల సద్ది ఒక్క బతుకమ్మకేనా? రెండు గుంటలు ఇంటి కోసం వేయండి. ముందు ఇంట్ల దాచుకుందాం, తర్వాతే మార్కెట్‌కు.