ఎమ్మెస్పీ అంటే మద్దతు ధర కాదు

ఎమ్మెస్పీ అనగానే మా గుంటూరు వైపు ఎవరికైనా పత్తి మద్దతు ధరే గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. 'మేనేజ్డ్ సర్వీస్ ప్రొవైడర్' అని బోర్డు పెట్టుకుని, నెలకింతని తీసుకుని, మన కంప్యూటర్లూ సర్వర్లూ చూసిపెట్టేవాళ్ళ గురించి. వీళ్ళ మీద నాకు కడుపుమంట ఉంది, ముందే చెప్పేస్తున్నా.

మా బాబాయి ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. రెండేళ్ళ క్రితం ఒక రోజు పొద్దున్నే ఫోను. "ఒరే అబ్బాయ్, ఫైళ్ళ పేర్లన్నీ మారిపోయినయ్యిరా, ఏదో ఇంగ్లీషులో డబ్బులు కట్టమంటోంది." తాడేపల్లి నుంచి బండేసుకుని పరిగెత్తా. ఎవరి మిర్చి టిక్కీలు ఏ ఛాంబర్లో ఉన్నయ్యో, ఎవరి బాండు మీద ఎంత అప్పుందో అన్నీ ఆ సర్వర్లోనే. ఆ వారమే యార్డులో రేటు పెరిగింది. రైతులు గేటు దగ్గర లారీలు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి సరుకు ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు.

బ్యాకప్ లేదా అంటారా? ఉందండీ, భేషుగ్గా ఉంది. అదే సర్వర్‌కి ఏడాది పొడుగునా తగిలించి ఉంచిన హార్డ్ డిస్కులో! దానిక్కూడా తాళం పడింది. దూరం నుంచి లాగినయ్యే సాఫ్టువేరుకి పాస్‌వర్డు ఏంటయ్యా అంటే మెయింటెనెన్సు కంపెనీ పేరు, చివర 123. వాళ్ళ కస్టమర్లందరికీ అదే.

అసలు నాకు ఒళ్ళు మండింది ఇక్కడ కాదు. అదే కంపెనీ చూసే ఇంకో ఆఫీసులో నాలుగు రోజుల ముందే ఇదే జరిగింది. ఎవరికీ చెప్పలేదు, పరువు పోతుందని. ఆ రోజే ఒక్క ఫోను చేసుంటే బాబాయే వైరు పీకేసేవాడు. పైగా మాకు దొరికిన సమాధానం, "యాంటీవైరస్ మీరు రెన్యూ చెయ్యలేదు కదండీ" అని. కార్బన్ కాపీ పుస్తకాలు ముందేసుకుని పదకొండు రోజులు లెక్కలు సరిచూశారు. ఈ లోపు రేటు దిగింది. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

ఇది పల్లెటూరి గొడవ అనుకోకండి. 2021 జూలైలో కసేయా అనే కంపెనీ సాఫ్టువేరులో దొంగలు దూరారు. అది వాడే సర్వీసు కంపెనీల్లో నేరుగా దెబ్బతిన్నవి అరవై లోపే. వాటి కింద దెబ్బతిన్న వ్యాపారాలు పదిహేను వందల దాకా. స్వీడన్లో కూప్ అనే సూపర్‌మార్కెట్లు వందల సంఖ్యలో మూతబడ్డాయి, గల్లాపెట్టెలు పని చెయ్యక. మన దగ్గర 2024 జూలై ఆఖర్లో సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ పడితే, దాని మీద ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. దొంగకి లెక్క తెలుసు. ఇంటింటికీ కన్నం వెయ్యడం దేనికి, అందరి తాళాల గుత్తీ ఉన్నవాడిల్లు ఒక్కటి చాలు.

మన సర్వీసు వాళ్ళు మాత్రం ఇంకా తమని రిపేరు మెకానిక్కుల్లాగే అనుకుంటున్నారు. చెడితే బాగుచేస్తాం, అంతే. చట్టం అలా అనుకోవట్లేదు బాబూ! 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో వాళ్ళకి చెప్పాలి, లాగులు 180 రోజులు దాచాలి. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. తమాషా ఏంటంటే, డేటా కాపాడే బాధ్యత సర్వీసు వాడి మీద కాదు, అతన్ని పెట్టుకున్న మన మీద. 2025 నవంబరులో వచ్చిన నియమాల్లో ఇంకో మెలిక: భద్రతకి ఏమేం చెయ్యాలో సర్వీసు వాడితో చేసుకునే ఒప్పందంలోనే రాయించాలి, లాగులు ఏడాది ఉంచాలి. ఈ నియమాలు పూర్తిగా అమల్లోకొచ్చేది 2027లో. అప్పటిదాకా నిద్రపోదామనేవాళ్ళకో దణ్ణం.

"ఏడాదికి పదిహేను వేలిచ్చి ఇవన్నీ చెయ్యమంటే ఎట్లాగండీ?" అన్నాడొక మెయింటెనెన్సు మిత్రుడు. నిజమే. ఏసీకి లక్ష పెట్టే ఓనరు బ్యాకప్‌కి వెయ్యి పెట్టమంటే ఏడుస్తాడు, కొటేషన్లలో అందరికన్నా తక్కువ ఎవడంటే వాడికే ఇస్తాడు. కానీ కస్టమరుకో పాస్‌వర్డు పెట్టడానికి పైసా ఖర్చు లేదు. లాగినయ్యేటప్పుడు ఫోనుకొచ్చే రెండో కోడ్ అడిగేలా పెట్టుకోవడానికీ అంతే. డిస్కు పీకి బీరువాలో పెట్టడానికి ఏ సర్టిఫికెట్టు కావాలి? దాడి జరిగితే మిగతా కస్టమర్లకి ఫోను చెయ్యడానికి ఎంతవుతుంది? ఇవి చేశాక మిగతావాటికి రేటు పెంచి అడగండి. ఇవ్వనన్న కస్టమరుని వదిలేసుకోండి. ఒకడి తలుపు బార్లా తెరిచి ఉంటే ముప్పు మిగతా అందరికీ, మీకూనూ.

బాబాయి వాళ్ళ ఓనరు కొత్త కాంట్రాక్టుకి ముగ్గుర్ని పిలిచాడు. నేను ఒకటే షరతు పెట్టమన్నా: ప్రతి నెలా ఒకటో తారీఖున, మా కళ్ళ ముందు, బ్యాకప్‌లోంచి మేం అడిగిన బాండు ఒకటి బయటికి తీసి చూపించాలి. ఇద్దరు కనుక్కుని చెప్తామని వెళ్ళారు, మళ్ళీ రాలేదు. మూడోవాడు మాత్రం నెలకి ఎనిమిది వందలు ఎక్కువవుతుందన్నాడు. ఓనరు ఇంకా బేరమాడుతున్నాడు.