ఢిల్లీ ఇళ్ల ముందు అడ్డసరానికి చోటివ్వాలి

2024 మే 29న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. 79 ఏళ్లలో అక్కడ అంత వేడి లేదు. అదే రోజు ఢిల్లీ ప్రభుత్వం, పైపుతో కార్లు కడిగినా, ట్యాంకులు పొంగిపొర్లినా 2,000 రూపాయల జరిమానా తప్పదని ప్రకటించింది. కార్ల సంగతి సరే, మరి ఇళ్ల ముందున్న పచ్చిక లాన్ల మాటేమిటి?

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. మే నెల ఎండకు, వేడిగాలికి బాగా తడిపిన పచ్చిక నుంచి రోజుకు సుమారు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. 100 చదరపు మీటర్ల లాన్‌ను పచ్చగా నిలపాలంటే రోజుకు 600 లీటర్లు పోయాలన్నమాట. గురుగ్రామ్‌లో ఆ నీటిని బోరు నుంచి తోడితే, అప్పటికే మితిమీరి తోడేసినట్లు కేంద్ర భూగర్భ జల బోర్డు గుర్తించిన నిల్వ నుంచి తీసుకున్నట్టే.

ఢిల్లీలో ఏడాదికి సుమారు 770 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ చివరి నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. మిగతా నెలల ఎండను, చలిని ఓర్చుకునే మొక్కల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. నగరం మధ్యగా సాగే ఆరావళి రాతిగుట్టలపై, అంటే ఢిల్లీ రిడ్జ్‌పై, అడ్డసరం పొదలు ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతున్నాయి. అక్కడివారు దీన్ని అడూసా అంటారు. శాస్త్రీయ నామం జస్టిసియా అధతోడ. మన కనకాంబరం కుటుంబానికే చెందిన మొక్క ఇది.

ఏడాది పొడవునా ఆకులుంటాయి. చలి తగ్గగానే ఊదారంగు చారలున్న తెల్లటి పూలు కంకులుగా వస్తాయి, వాటి కోసం తుమ్మెదలు వాలతాయి. ఆకుల్లో ఆల్కలాయిడ్లు ఉండటంతో మేకలు కూడా ముట్టవు, కనుక కంచెగా బాగా పనికొస్తుంది. వాటిలో ఒకటైన వాసిసిన్ ఆధారంగానే దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌ను తయారుచేశారు. అలాగని పెరట్లో ఉంది కదా అని కషాయాలు కాచుకోవద్దు. ముఖ్యంగా గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి, వాసిసిన్ గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది.

రోడ్ల డివైడర్లపై నాటే గన్నేరు చాలదా అని కొందరు అడగవచ్చు. కరవును తట్టుకోవడంలో గన్నేరుకు వంక పెట్టలేం. దాని ఆకు అడుగుభాగంలో చిన్న గుంటలుంటాయి. పత్రరంధ్రాలు వాటిలో, సన్నని నూగు మాటున దాగి ఉంటాయి కనుక వేడిగాలి నేరుగా తగలదు, తేమ నెమ్మదిగా పోతుంది. కానీ మొక్కలో ప్రతి భాగమూ విషమే. అందులోని ఒలియాండ్రిన్ గుండె లయను దెబ్బతీస్తుంది. కేరళలో 2024 మేలో రెండు ప్రధాన దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో ఈ పూల వాడకాన్ని ఆపేశాయి. డివైడర్‌పై ఉండే మొక్కను పిల్లలు ఆడుకునే ముంగిట్లోకి తేవడం నాకైతే సమ్మతం కాదు.

అడ్డసరానికీ లోపాలున్నాయి. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పూలు కాగితం పూలంత కంటికి కొట్టవు. మే నెలలో ఆకులు వాడి వేలాడతాయి, అది చూసి కంగారుగా నీళ్లు గుమ్మరించేవారే ఎక్కువ. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే ఎండకన్నా ఎక్కువ నష్టం. మామూలు నర్సరీలు దీన్ని పెద్దగా అమ్మవు, ఎందుకంటే కాలనీ సంఘాలు అడగవు. వేసవిలో లాన్ ఎండిందని ఫిర్యాదులు అందుకునే ఆ సంఘాలే, లాన్‌లో కనీసం సగం తీసేసి ఇలాంటి స్థానిక పొదలు నాటాలన్నది నా అభిప్రాయం. గురుగ్రామ్‌లో ఒకప్పటి గనుల నేల ఇలాంటి ఆరావళి జాతులతోనే జీవవైవిధ్య పార్కుగా మారింది.

కరవును తట్టుకునే మొక్క అంటే మొదటి రోజు నుంచీ నీళ్లు అక్కర్లేని మొక్క అని కాదు. వేళ్లు లోతుకు దిగేదాకా, అంటే మొదటి రెండు వేసవులు, వారానికోసారైనా నిండుగా తడపాలి. రోజూ కాసిన్ని చల్లితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. జులైలో తొలి వానలు పడ్డాక ముదురు కొమ్మల్ని జానెడు ముక్కలుగా కోసి గుచ్చితే సులువుగా వేరూనుతాయి. కొమ్మలు తెలిసినవారి పెరటి నుంచే తెచ్చుకోవాలి, రిడ్జ్ అడవి నుంచి కాదు. పూలు అయిపోయాక కత్తిరిస్తే పొద గుబురుగా వస్తుంది.