పాత కారుకు కొత్త ఇంజను అవసరమా?

పాత కారు చేతికొచ్చిన ప్రతివాడికీ ఒక సమస్య ఎదురవుతుంది. కంపెనీ యిచ్చిన ఇంజనునే బాగుచేయించి నడపాలా? దాన్ని పీకేసి కొత్తరకం ఇంజను బిగించాలా?

ఈ తగాదా మన నెల్లూరుకే పరిమితం కాదు. అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ. వంటి కార్లను మజిల్ కార్లు అంటారు. మధ్యరకం కారులో పెద్ద వి-8 ఇంజను పెట్టిన కండగల బండ్లన్నమాట. 1997లో జనరల్ మోటార్స్ వారు ఎల్.ఎస్. అనే కొత్త వి-8 తెచ్చాక, దాన్ని పాత కార్లలో బిగించడం అక్కడ పరిపాటి అయింది. తాళం తిప్పగానే స్టార్టవుతుందని ఒక పక్షం. అయితే అది పాత కారెట్లవుతుందని రెండో పక్షం!

మన సముద్రతీరానికి మజిల్ కార్లు లేకపోయినా అంబాసిడర్లున్నాయి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1957లో మొదలై, 2014 మే నెలలో తయారీ ఆగిపోయిన ఆ కారు ఎన్ని పెళ్ళిబృందాలను మోసిందో, ఎందరిని మైపాడు సముద్రస్నానానికి తీసుకుపోయిందో మన పెద్దల్ని అడగండి. చాలాకాలం దాని గుండె 1,489 సి.సి. పెట్రోలు ఇంజను. 1990లలో కంపెనీవారే 1,817 సి.సి. ఇసుజు ఇంజను పెట్టారు. కనుక ఇంజను మార్చడమే పాపమని నేననను. టాక్సీ తోలి బిడ్డల్ని చదివించుకునే డ్రైవరు పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేయించుకున్నాడంటే అది షోకు కాదు, బ్రతుకుతెరువు.

నా వాదమల్లా షోకు కోసం మార్చేవారితోనే. ఇంజను ఒక్కటి మార్చితే సరిపోతుందా? మౌంటింగులు, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియేటరు అన్నీ దానికి తగ్గట్టు మారాల. పాత డ్రమ్ము బ్రేకులు పాత ఇంజను వేగానికి సరిపోయేవి. పరుగు పెంచి బ్రేకులు మరిస్తే ఎదురొచ్చే సైకిలువాడి గతేమిటి? పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం వుంది. కంపెనీ అసలు వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

ఇక మన ఉప్పుగాలి సంగతి. అంబాసిడరుకు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఆధారం. అది అడుగున తుప్పుపట్టి పోతుంటే కొత్త ఇంజనుకు డబ్బు పోయడం, కూలే గోడకు సున్నం కొట్టడమే. కొత్త ఇంజన్ల సెన్సార్లకూ వైరింగుకూ ఈ గాలి శత్రువు. కార్బురేటరు మొరాయిస్తే రోడ్డుపక్కనే విప్పి ఊదుకోవచ్చు. సి.బి. పాయింట్లు గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. కంప్యూటరు మొరాయిస్తే తాడు కట్టి లాక్కుపోవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. మా ఊరి పాత మేస్త్రీ అంటాడు: "బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు ఏస్తే ఇంకా శానా యేండ్లు తిరగతాది అబ్బయ్యా! బంగారం లాంటి ఇంజన్ను పాత ఇనుపసామాన్లోడికి ఎందుకు ఏస్తావు?" వాల్వు గ్రైండింగు శబ్దం విని పట్టేసే ఆ చెవి, లేతు మిషను మీద నిలిచే ఆ చెయ్యి ఏ పుస్తకంలోనూ దొరకవు. తూకానికి పోయే ప్రతి ఇంజనుతో వాళ్ళకు ఒక పని తగ్గుతుంది. పని లేని విద్యను వాళ్ళ పిల్లలు నేర్చుకోరు. రేపు మనం పాత ఇంజనే కావాలన్నా బాగుచేసేవాడు వుండడు.

కాబట్టి మిత్రులారా, అరిగిన ఇంజనును బాగుచేయించండి. బ్లాకే పగిలి గత్యంతరం లేనప్పుడు మార్చండి, ముందుగా రవాణాశాఖ అనుమతి తీసుకోండి. తీసిన ఇంజనును గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి దాచండి. వీలైతే ఒక్క ఆదివారం ఆ మేస్త్రీల షెడ్డులో కూర్చుని స్పానరు అందివ్వండి. వాళ్ళు చెప్పడానికి సిద్ధంగానే వున్నారు, అడిగేవాళ్ళే కరువు.